ఫిలేమోను పత్రిక ఎలా చదవాలి? గదిలో ఎవరెవరున్నారో ముందు చూడండి

బైబిల్ కొత్త నిబంధనలో తీతు పత్రిక అయిపోయి హెబ్రీయుల పత్రిక మొదలయ్యేలోపు ఒక చిన్న ఉత్తరం ఉంటుంది. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఖైదులో ఉండి, ఒనేసిము యజమాని ఫిలేమోనుకు రాసిన ఉత్తరం అది. పత్రిక అంటే ఇక్కడ ఉత్తరమే. అధ్యాయాలు లేవు, 25 వచనాలే. గ్రీకు మూలంలో 335 మాటలు. చాలామందికి ఆ పేజీ గురించి తెలిసింది ఒక ఆదివారం ప్రసంగంలో విన్న కథ మాత్రమే: ఒనేసిము అనే బానిస యజమాని ఇంట్లో దొంగతనం చేసి పారిపోయాడు, పౌలు దగ్గర మారుమనస్సు పొందాడు, పౌలు అతన్ని వెనక్కి పంపాడు, యజమాని క్షమించాడు. ఇందులో అతను పౌలు ద్వారా విశ్వాసి కావడం, పౌలు తిరిగి పంపడం మాత్రమే పత్రికలో ఉన్నాయి. దొంగతనం చేశాడని లేదు. పారిపోయాడని లేదు. యజమాని చివరికి ఏం చేశాడో అసలే లేదు.

ఈ పత్రికను సొంతంగానో, బైబిల్ స్టడీ గుంపుతోనో ఒక సాయంత్రం కూర్చుని నిదానంగా చదవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. మీరు క్రైస్తవులు కాకపోయినా పర్వాలేదు. రెండు వేల ఏళ్ల కిందటి ఒక ఇంట్లో అధికారం, అప్పు, స్నేహం ఎలా నడిచేవో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే చాలు.

ముందు గట్టిగా చదవండి

స్టడీ బైబిల్ కింద ఉండే నోట్సు, వ్యాఖ్యానాలు కాసేపు పక్కన పెట్టండి. మొదటి వచనం నుంచి చివరిదాకా ఆపకుండా, నలుగురికీ వినిపించేలా చదవండి. కొద్ది నిమిషాల పని. ఆ కాలంలో చదువొచ్చినవాళ్లు తక్కువ. ఇలాంటి ఉత్తరాన్ని ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవారు. మన పల్లెల్లో కూడా ఉత్తరం వస్తే పోస్ట్‌మ్యాన్‌తోనో బడిపంతులుతోనో చదివించుకుని, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి విన్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఉత్తరంలో అప్పు సంగతి ఉంటే ఇరుగుపొరుగుకూ తెలిసిపోయేది. ఫిలేమోను పత్రికలోనూ అప్పు సంగతి ఉంది.

రెండు తెలుగు అనువాదాలు దగ్గర పెట్టుకుంటే మంచిది. మన గుళ్లలో వాడే పాత అనువాదంలో 8 నుంచి 14 దాకా వాక్యాలు కాస్త మెలికలు తిరుగుతాయి. ఎక్కడ తడబడితే అక్కడ వాడుక భాషలో ఉన్న అనువాదం చూడండి.

కాగితం మీద రెండు వరసలు రాయండి

తెల్లకాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఉత్తరం పంపిన చోట ఉన్నవాళ్లు, కుడివైపు అందుకునే చోట ఉన్నవాళ్లు. 1, 2, 23, 24 వచనాలు చూస్తే పేర్లన్నీ దొరుకుతాయి. ఎడమవైపు పౌలు, తిమోతి, ఎపఫ్రా, మార్కు, అరిస్తార్కు, దేమా, లూకా. ఎపఫ్రాను పౌలు తనతోటి ఖైదీ అంటున్నాడు. కుడివైపు ఫిలేమోను, అప్ఫియ, అర్ఖిప్పు, ఆ ఇంట్లో కూడుకునే సంఘం. అప్ఫియ ఫిలేమోను భార్య అనీ, అర్ఖిప్పు వాళ్ల కొడుకనీ చాలాచోట్ల చెబుతారు. అయి ఉండవచ్చు, కానీ పత్రిక ఆ మాట అనలేదు. ఆమెను సహోదరి అంది, అతన్ని తోటి యోధుడు అంది, అంతే.

ఇప్పుడు ఒనేసిము పేరు ఏ వైపు రాస్తారు? ఉత్తరం రాసేటప్పుడు ఎడమవైపు ఉన్నాడు, చదివేటప్పటికి కుడివైపు వచ్చేశాడు. రోమా సామ్రాజ్యంలో ప్రభుత్వ పనులకు తపాలా ఏర్పాటు ఉండేది గానీ మామూలు జనానికి లేదు. ఎవరో ఒకరు చేత్తో పట్టుకెళ్లాల్సిందే. కొలొస్సయులకు రాసిన పత్రిక 4:7-9లో పౌలు సహచరుడు తుకికు, ఒనేసిము కలిసి వస్తున్నట్టు ఉంది. ఫిలేమోను పత్రిక 12వ వచనంలో అతన్ని తిరిగి పంపుతున్నానని పౌలు అంటున్నాడు, 17లో చేర్చుకోమంటున్నాడు. ఇవి కలిపి చూస్తే, ఎవరి గురించి ఉత్తరం రాశారో ఆ మనిషి, దాన్ని చదువుతున్నప్పుడు అదే ఇంట్లో ఎక్కడో నిలబడి ఉన్నాడని అనుకోవాలి. నా దృష్టిలో ఈ పత్రికలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. ఇది మర్చిపోతే మిగతాదంతా ఇద్దరు పెద్దమనుషుల మధ్య మర్యాద సంభాషణలా వినిపిస్తుంది.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. గ్రీకులో మొదటి పలకరింపు, చివరి ఆశీర్వాదం ఆ సంఘమంతటికీ. మధ్యలో 4వ వచనం నుంచి దాదాపు అంతా ఒక్క ఫిలేమోనుతోనే. అందరి ముందూ, అతనొక్కడితో.

ఊరు, కాలం: తెలిసినంతవరకే

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఫిలేమోను పత్రికలో ఊరి పేరు లేదు. కొలొస్సయుల పత్రికలో దాదాపు ఇవే పేర్లు మళ్లీ వస్తాయి, ఒనేసిము ‘మీలో ఒకడు’ అని ఉంటుంది, అర్ఖిప్పుకు ఒక కబురు ఉంటుంది. అందుకే ఊరు కొలొస్సయి అంటారు. ఆ పత్రిక పౌలే రాశాడా, ఆయన శిష్యులెవరైనా రాశారా అన్న విషయంలో పండితుల మధ్య వాదన ఉంది. ఫిలేమోను పత్రిక మాత్రం పౌలుదేనని దాదాపు అందరూ ఒప్పుకునే ఏడింటిలో ఒకటి.

కొలొస్సయి ఇప్పటి టర్కీలో, దెనిజ్లీ నగరానికి దగ్గర, హోనాజ్ పక్కన ఒక మట్టిదిబ్బగా ఉంది. రంగు వేసిన ఉన్నికి అప్పట్లో పేరున్న ఊరు. పక్కనే లవొదికయ, హియెరాపొలి. ఈ రెండోది, తెల్లటి సున్నపురాతి మెట్లు చూడడానికి టూరిస్టులు వెళ్లే పముక్కలే.

పౌలు ఏ ఊరి ఖైదులో ఉన్నాడన్నది మూడు రకాలుగా చెబుతారు: రోమా, కైసరయ, ఎఫెసు. రోమా నుంచి కొలొస్సయికి నేరుగా కొలిచినా 1400 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో సముద్రం. ఎఫెసు నుంచి సుమారు 170. 22వ వచనంలో పౌలు తనకు బస సిద్ధం చేయమంటున్నాడు. త్వరలో వస్తానన్న ధీమా ఉన్నవాడే అలా అడుగుతాడు కాబట్టి నాకు ఎఫెసు వాదనే దగ్గరగా అనిపిస్తుంది. అలాగైతే కాలం క్రీ.శ. 50ల మధ్య భాగం అవుతుంది. రోమా అంటే 60 తర్వాత.

బానిసత్వం గురించి అరగంట కేటాయించండి

మన గుంపుల్లో తరచూ దాటేసే మెట్టు ఇది. దాసుడు అన్న మాట మనకు భక్తి పాటల్లో అలవాటైపోయింది. ఇక్కడ దాని అర్థం డబ్బిచ్చి కొనుక్కున్న మనిషి, లేదా కొన్న మనిషి కడుపున పుట్టిన మనిషి. యుద్ధంలో పట్టుబడినవాళ్లు, పారేసిన పసిబిడ్డల్ని ఎవరో తెచ్చి పెంచితే ఎదిగినవాళ్లు కూడా ఉండేవారు. చట్టం దృష్టిలో బానిస ఆస్తి. అతని పెళ్లికి చట్టం గుర్తింపు లేదు, పిల్లలు యజమానికి చెందుతారు. కొందరు బానిసలు చదువుకున్నవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, వైద్యులు. కొందరికి విడుదలా దొరికేది. అయినా వాళ్ల ఒంటి మీద యజమానికి ఉన్న హక్కు అదే.

గుంపుతో చదువుతుంటే ఈ రెండు సంగతులు చెప్పండి. మొదటిది 61లో రోమా నగరంలో జరిగింది. నగర పాలనాధికారి పెదానియుస్ సెకుందుస్‌ను అతని బానిస ఒకడు చంపాడు. పాత ఆచారం ప్రకారం ఆ ఇంట్లో ఉన్న బానిసలందరినీ, దాదాపు 400 మందిని, ఆడవాళ్లు పిల్లలతో సహా చంపాలని సెనేట్ తీర్మానించింది. జనం వీధుల్లోకి వచ్చి అడ్డుపడ్డారు. చక్రవర్తి నీరో సైన్యాన్ని దారికి ఇరువైపులా నిలబెట్టి శిక్ష అమలు చేయించాడు. ఈ సంగతి రాసిపెట్టింది చరిత్రకారుడు తాకితుస్. పౌలు ఉత్తరానికి కొద్ది ఏళ్ల అటూ ఇటూ జరిగిన ఘటన ఇది.

రెండోది ఒక వస్తువు. రోమాలోని మ్యూజియంలో ఒక ఇనుప మెడపట్టీ ఉంది, 4వ శతాబ్దం నాటిదని అంటారు. దానికి వేలాడే బిళ్ల మీద లాటిన్‌లో ఇలా రాసి ఉంటుంది: నేను పారిపోయాను, పట్టుకో. నన్ను నా యజమాని జోనినుస్‌కు అప్పగిస్తే ఒక బంగారు నాణెం దొరుకుతుంది. కాలం తర్వాతిదే అయినా, ఇలాంటి పట్టీ చేయించుకునే హక్కు ఉన్న మనిషి ఇంటికే ఒనేసిము తిరిగి నడిచి వెళ్లాడు. పౌలు చదివి పెరిగిన ధర్మశాస్త్రం పారిపోయి వచ్చిన దాసుణ్ని యజమానికి అప్పగించవద్దంటుంది (ద్వితీయోపదేశకాండము 23:15-16). అయినా పంపాడు. ఇది మనల్ని ఇబ్బంది పెట్టే విషయమే. ఇబ్బంది పడనివ్వండి, వెంటనే సమాధానం చెప్పి సర్దేయకండి.

రాయని సంగతులు రాసుకోండి

ఇప్పుడు మళ్లీ చదువుతూ, ఉత్తరం చెప్పనివాటిని వేరే రంగు పెన్నుతో రాసుకోండి. ఒనేసిము పౌలు దగ్గరికి ఎలా వచ్చాడు? పారిపోయి వచ్చాడన్నది పాత అభిప్రాయం. 4వ శతాబ్దంలో యోహాను క్రిసోస్తము అనే క్రైస్తవ బోధకుడి ప్రసంగాల్లో ఒనేసిము దొంగ, పారిపోయినవాడు. ఆ మాట అప్పటినుంచి గట్టిగా నిలబడిపోయింది. మరో వాదన: యజమానితో ఏదో గొడవ వచ్చి, మధ్యవర్తిత్వం చేయమని యజమాని స్నేహితుడి దగ్గరికి వచ్చాడు. అలా వచ్చిన బానిసను పారిపోయినవాడిగా లెక్కపెట్టకూడదని రోమా న్యాయవేత్త ప్రోకులుస్ చెప్పాడు కూడా. మూడో వాదన: ఖైదులో ఉన్న పౌలుకు సాయంగా ఆ ఇంటివాళ్లే పంపారు.

నాకు రెండోది నచ్చుతుంది. పారిపోవాలనుకున్నవాడు యజమానికి బాగా తెలిసిన మనిషి దగ్గరికే వెళ్తాడా? కానీ ఏదీ రుజువు కాలేదు. 18వ వచనంలో పౌలు ‘అతను నీకు అన్యాయం చేసి ఉంటే, బాకీ ఉంటే’ అంటాడు. ఆ ‘ఉంటే’ను మనం తీసేసి ‘ఉన్నాడు’ అని చదువుతున్నాం. ఒక పేదవాడి మీద దొంగతనం మోపడం మనకు ఎంత తేలికో ఆలోచించాల్సిన చోటు ఇది.

ప్లినీ ఉత్తరంతో పోల్చండి

పౌలు కొత్తగా ఏం చేశాడో తెలియాలంటే అలాంటి ఇంకో ఉత్తరం ఉండాలి. అదృష్టం కొద్దీ ఉంది. పౌలు తర్వాత సుమారు 50 ఏళ్లకు, ప్లినీ అనే రోమా పెద్దమనిషి తన స్నేహితుడు సబినియానుస్‌కు రాశాడు. సబినియానుస్ విడుదల చేసిన పాత బానిస ఒకడు ఏదో తప్పు చేసి, భయపడి ప్లినీ కాళ్ల మీద పడ్డాడు. అతను ఏడ్చాడు, బతిమాలాడు, నిజంగా పశ్చాత్తాపపడ్డాడు అంటాడు ప్లినీ. నీ కోపం న్యాయమే, కానీ అతని వయసు చూడు, కన్నీళ్లు చూడు, కోపంతో నిన్ను నువ్వు బాధపెట్టుకోకు. నేను కూడా గట్టిగా చీవాట్లు పెట్టాను. ఇదీ సారాంశం. మనసున్న ఉత్తరం. పనిచేసింది కూడా: తర్వాతి ఉత్తరంలో ప్లినీ స్నేహితుడికి కృతజ్ఞత చెబుతాడు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని తేడాలు వెతకమని గుంపుకు చెప్పండి. నేనైతే ముందు ఇవి చూపిస్తాను. పౌలు ఒనేసిము కన్నీళ్ల గురించి ఒక్క మాట రాయలేదు. చీవాట్లు పెట్టానని రాయలేదు. ‘క్షమించు’ అన్న మాటే ఈ పత్రికలో లేదు. ప్లినీ పైవాడి దయ కోసం కిందివాణ్ని ఇంకా కిందికి వంచాడు. పౌలు కిందివాణ్ని వంచలేదు, తానే వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు.

8 నుంచి 22 దాకా: ఒక్కో వచనం దగ్గర ఆగండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ప్రతి వచనం తర్వాత ఒకటే ప్రశ్న వేయండి: ఈ మాట విన్నప్పుడు గదిలో ఎవరు ఎవరి వైపు చూసి ఉంటారు?

8, 9: ఆజ్ఞాపించే చనువు నాకుంది, అయినా ప్రేమను బట్టి వేడుకుంటున్నాను అంటాడు. అధికారం ఉందని గుర్తుచేసి మరీ దాన్ని పక్కన పెట్టడం. వెంటనే తాను ముసలివాణ్ననీ ఖైదీననీ అంటాడు. సంకెళ్లలో ఉన్న ముసలాయన అడిగితే ఎవరు కాదనగలరు?

10: ఒనేసిము పేరు ఇక్కడిదాకా రాలేదు. పేరు కంటే ముందు ‘నా కుమారుడు’ అన్న మాట వస్తుంది. ఇంటివాళ్లకు ఇన్నాళ్లూ పనివాడిగా తెలిసిన మనిషి, పౌలు కన్నకొడుకులా ఆ గదిలో పరిచయం అవుతున్నాడు.

12: అతను నా ప్రాణంతో సమానం అన్నంత గాఢమైన మాట. ఇదే మాట గ్రీకులో 7లో, 20లో కూడా ఉంది. 7లో ఫిలేమోను పరిశుద్ధుల, అంటే తోటి విశ్వాసుల, హృదయాలకు సేద తీర్చాడని పొగడ్త. 12లో ఒనేసిమే నా హృదయం. 20లో నా హృదయానికి సేద తీర్చు. ఈ మూడింటి కింద గీత గీస్తే పౌలు వాదన ఎలా కట్టుకుంటూ వచ్చాడో కళ్లకు కడుతుంది. ఊరందరికీ సేద తీర్చినవాడివి, నీ ఇంటి బానిసకు తీర్చలేవా అని అడగకుండానే అడిగాడు.

16: ఇకమీదట దాసుడిగా కాదు, దాసుడి కంటే ఎక్కువగా, ప్రియ సహోదరుడిగా. ‘ప్రభువునందు’ మాత్రమే కాదు, ‘శరీరవిషయంలో’ కూడా. ఈ రెండో మాట వదిలేయకండి. ఆరాధనలో అన్నదమ్ములం, బయటికి వస్తే ఎవరి స్థానం వారిది అని తప్పించుకునే దారిని ఆ మాట మూసేస్తోంది. మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడిగేవాళ్లు ఈ వచనం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

17 నుంచి 19: భాష ఒక్కసారిగా లెక్కల పుస్తకంలోకి మారుతుంది. నన్ను నీ భాగస్వామిగా ఎంచితే, అతన్ని నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో. బాకీ ఉంటే నా లెక్కలో రాయి. పౌలనే నేను నా చేత్తోనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను. ఇది ప్రామిసరీ నోటు. చేతిలో డబ్బు లేని ఖైదీ, నలుగురు సాక్షుల ముందు రాసిచ్చిన నోటు. ఆ వెంటనే, నీ ప్రాణమే నాకు బాకీ ఉన్నావన్న సంగతి నేను ఎత్తనులే అని ఎత్తేస్తాడు! పౌలు ఒత్తిడి పెడుతున్నాడని ఎవరైనా అంటే ఒప్పుకోండి. పెడుతున్నాడు. కానీ ఆ ఒత్తిడి ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి: ఎప్పుడూ పైనుంచి కిందికి పోయేది, ఈ ఒక్కసారి ఇంటి యజమాని మీద పడింది.

22: బస సిద్ధం చేయి. అంటే వచ్చి చూస్తాను.

విడుదల చేయమన్నాడా, లేదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. విడుదల చేయమని పౌలు నేరుగా రాయలేదు. నేను చెప్పినదానికంటే ఎక్కువే చేస్తావని తెలుసు అన్నాడు (21). ఆ ‘ఎక్కువ’ విడుదలే అని కొందరు, ఒనేసిమును తిరిగి తన పనికోసం పంపడం అని కొందరు. నాకు విడుదల లేకుండా 16వ వచనానికి అర్థం లేదనిపిస్తుంది. అయినా పౌలు ఆ మాట తెరిచి రాయకపోవడానికి తర్వాతివాళ్లు మూల్యం చెల్లించారన్నది కూడా చెప్పాలి.

అమెరికాలో 19వ శతాబ్దంలో బానిసల యజమానులు ఈ పత్రికనే చూపించి, పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించడం బైబిల్ పద్ధతి అన్నారు. జార్జియా రాష్ట్రంలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే పాస్టర్ 1830ల్లో నల్లజాతి బానిసల ముందు దీని మీద ప్రసంగించి, పారిపోవడం తప్పన్నాడు. వింటున్నవాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో కొందరు ఇలాంటి పత్రిక బైబిల్లో లేనే లేదన్నారు, కొందరు ఇది సువార్తే కాదన్నారు. ఇది ఎవరో ఆయన గురించి అల్లిన కథ కాదు, జోన్స్ తానే రాసుకున్నాడు. లేచి వెళ్లినవాళ్లలో ఒక్కరికైనా ఈ 25 వచనాలు సొంతంగా చదువుకునే అవకాశం ఉండి, 16వ వచనం చూసి ఉంటే ఏమనేవారో గుంపులో అడగండి.

మన దగ్గర కూడా అప్పు కింద తరాల తరబడి జీతగాళ్లుగా ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వెట్టిచాకిరీని రద్దు చేసిన కేంద్ర చట్టం 1976లోనే వచ్చింది. ‘బాకీ ఉంటే నా లెక్కలో రాయి’ అన్న మాట అలాంటి ఇంట్లో పుట్టినవారికి, ఆసామి ఇంట్లో పుట్టినవారికి ఒకేలా వినపడదు. మీ గుంపులో ఇద్దరూ ఉంటే, ముందు మాట్లాడే అవకాశం మొదటివారికి ఇవ్వండి.

చివర్లో ఒక పని

సమయం మిగిలితే ఫిలేమోను రాసిన జవాబు ఎలా ఉండి ఉంటుందో ఒక్కొక్కరూ నాలుగైదు వాక్యాల్లో రాయండి. సగం మంది ఫిలేమోనుగా, సగం మంది ఒనేసిముగా రాస్తే ఇంకా బాగుంటుంది. ఒనేసిముగా రాసేవాళ్లకు ఎక్కువ టైమ్ ఇవ్వండి, పత్రిక అతనికి ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

తర్వాత ఏమైందని పిల్లలు అడుగుతారు. సుమారు 110లో అంతియొకయ బిషప్ ఇగ్నాతియుస్‌ను మరణశిక్షకు రోమా తీసుకెళ్తుంటే, దారిలో ఎఫెసు సంఘానికి ఉత్తరం రాశాడు. అందులో ఎఫెసు బిషప్ పేరు ఒనేసిము. అతనే ఇతను అని రుజువు లేదు. బానిసల్లో ఆ పేరు మామూలే, పైగా మధ్యలో 50 ఏళ్లు గడిచాయి. ఇద్దరూ ఒకరే అయి ఉంటే పౌలు రాసిన ఈ ఉత్తరాన్ని పోకుండా భద్రపరిచింది అతనే కావచ్చని ఊహించినవాళ్లూ ఉన్నారు. ఊహ అని చెప్పే చెప్పండి.

మరుసటి వారానికి ఇదే పద్ధతిలో కొలొస్సయులకు 3:18 నుంచి 4:18 దాకా చదవండి. అక్కడ దాసులకు, యజమానులకు చెప్పిన మాటలు ఫిలేమోను పత్రిక అంత దూరం వెళ్లాయా లేదా అన్నదాని మీద మంచి చర్చ జరుగుతుంది. ఆ రోజు కూడా ముందు పేర్ల కాగితం రాయించండి, వాటిలో చాలా పేర్లు మీకు ఇప్పటికే తెలుసు.